పంటి సిమెంటు పట్టు

ఈ వారము దంతవైద్యుని యింట వేచియుండగా నా చేతికి వచ్చిన ప్రకటనపత్రమొకటి, పిప్పిపంటిని పూరించు సిమెంటుల పట్టుబలమును మెగాపాస్కళ్ల లెక్కన నిలువుగీతలుగా చిత్రించి, అన్నిటికంటె పొడవైన గీత తమదేయని ఉద్ఘోషించిన తీరు చూచి నాకు సంతోషమే కలిగినది; ఏలయన, కొలతకు లొంగని గొప్పను నమ్మరాదని ఈ శీర్షికలో నేను తఱచుగా వాదించుచుండుట పాఠకులకు తెలిసినదే.

ఆ సంతోషములో 1955వ సంవత్సరము స్ఫురించినది. లోహముపై రంగు గట్టిగా పట్టుటకు కర్మాగారములలో ఫాస్ఫారిక్ ఆమ్లము వాడుదురని యెఱిగిన అమెరికా దంతశాస్త్రజ్ఞుడు మైఖేల్ బ్యూనోకోర్, నూటికి 85 పాళ్ల గాఢతగల ఆ ఆమ్లమును పంటి ఎనామిల్‌పై 30 సెకన్లుంచి కడిగి ఆరబెట్టగా, కంటికి కానరాని గుంతలు వేనవేలేర్పడినవి. వానిలోనికి ఆక్రిలిక్ రెజిన్ చొరబడి, గట్టిపడి, పంటిని విడువనొల్లక పట్టుకొన్నది. అంతకుమున్ను పూరణము జాఱిపోకుండుటకై వైద్యుడు లోపల వెడల్పుగా, నోట సన్నముగా గుంట తొలుచుచు, మంచి పంటిని సైతము బలియీయవలసి వచ్చెడిది. ఆ యర్ధనిమిషము దంతవైద్య చరిత్రమున మహోపకారమని నా దృఢవిశ్వాసము.

అయితే ఎనామిల్‌కు అడుగుననున్న డెంటిన్ తడిగలది, సూక్ష్మనాళములతో నిండినది. అచ్చట రెజిన్ పట్టు కాలక్రమమున నీటివలన సడలును. పైగా నేటి రెజిన్ పూరణములు గట్టిపడునప్పుడు నూటికి రెండు మూడు పాళ్లు కుంచించుకొని, అంచున సందు విడువవచ్చును. అందువలన పరిశోధకులు ఊడదీసిన పంటిని పూరించి, 5, 55 డిగ్రీల నీళ్లలో మార్చి మార్చి ముంచి, రంగునీట నానబెట్టి, నిలువునకోసి, అంచువెంట రంగెంతదూరము దిగినదో చూతురు. పట్టుబలమును కొలుచుటకై లాగి చూచినపుడు గెలిచిన సిమెంటు ఈ పరీక్షయందును గెలిచితీరునన్న నియమము లేదు. 1972లో ఆంగ్లదేశమున విల్సన్, కెంట్ ప్రకటించిన గ్లాస్ అయనోమర్ సిమెంటు లాగుడుపరీక్షలో రెజిన్‌కు చాల దిగువనే నిలుచును. కాని పంటిలోని కాల్షియముతో రసాయనబంధము కట్టుకొని, వేడికిని చలికిని ఇంచుమించు డెంటిన్‌తో సమముగా వ్యాకోచసంకోచములు పొందుచు, చిరకాలము అంటియుండును. వెండి ఫిల్లింగు పంటికి అంటుకొననే అంటుకొనదు. ఏండ్లు గడచుకొలది దాని క్షయమున పుట్టిన పదార్థమే అంచుసందును పూడ్చును.

పూరించిన పంటిని మరల పిప్పిచేయునది ఆ సందున జొచ్చు క్రిమికలిత లాలాజలమే గనుక, పట్టుబలమును కొలిచిన పొడవైన గీత సత్యమే యైనను, ఆ సందులోని ఊటను గూర్చి యడుగవలసిన ప్రశ్నకు అది సమాధానము కాజాలదు. సిమెంటు ఏదైనను, దూదిచుట్టలమర్చి తడి తగులనీయక, తొందరపడక పూరించు వైద్యునికి వలసినంత వ్యవధి నిచ్చి నోరు తెఱచి కూర్చుండుటయే రోగి తన పంటికి చేసికొనగల మేలు.