ముందు బావిని చూడు, తర్వాతే మోటారును

ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలో చలికి పంపు పగిలిందన్న మాట ఎవరి నోటా వినపడదు. చలిదేశాల్లో అది ఏటా ఉండే బాధే. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. పోత ఇనుముకు సాగే గుణం లేదు కాబట్టి పంపు చీలుతుంది. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌ను మంచు తుఫాను కమ్మేసినప్పుడు ఇళ్లలో పైపులు పగలడం అంటే ఏమిటో అక్కడి మన తెలుగువాళ్లూ చూశారు.

నెల్లూరు పడమటి మెట్టలో బావి పంపుకు శత్రువులు వేరు. వేసవి చివర్లో నీళ్లు దిగిపోతే పంపు ఒట్టిగా తిరిగి పాడవుతుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో వాయుగుండం పట్టుకుంటే రాత్రికి రాత్రి బావి నిండి, లోపల దిమ్మె మీది మోటారు నీట మునుగుతుంది. ఈ రెండు దెబ్బలకూ ఇక్కడి రైతులు, మెకానిక్కులు కలిసి ఒక వైద్యం తయారు చేసుకున్నారు. దాన్ని ఎవరూ రాసి పెట్టలేదు. ఉదయగిరి, వింజమూరు, ఆత్మకూరు రీవైండింగ్ షాపుల్లో, బావిగట్ల మీద చేతి నుంచి చేతికి వచ్చింది.

తోలు బాన నుంచి ఫుట్ వాల్వ్ దాకా

మోటారు రాకముందు ఈ బావుల మీద కపిల తోలేవారు. ఎద్దులు ఏటవాలు బారిలోకి దిగుతుంటే తోలు బాన పైకొచ్చేది, తొండంలోంచి నీళ్లు తొట్టిలో పడేవి. ఆ తోలు చినిగితే కుట్టడానికి, ఎండకు బిరుసెక్కకుండా నూనె పట్టించడానికి ఊళ్లోనే మనుషులుండేవారు. కాబట్టి నీళ్లు తోడే పనిముట్టును ఊళ్లోనే విప్పి, ఊళ్లోనే బాగుచేసుకోవడం మెట్టకు మోటారుతో వచ్చిన అలవాటు కాదు.

నెల్లూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే అధికారి ఆయిల్ ఇంజిన్లతో బావి నీళ్లు తోడించే ప్రయోగాలు చేశాడు. 1937లో కోయంబత్తూరులో తెలుగు మూలాలున్న జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి దేశవాళీ మోటారు తయారుచేశారు. తర్వాత కోయంబత్తూరు పంపుల ఊరైంది. అక్కడి మోటార్లు మన మెట్ట బావుల్లోకీ దిగాయి. కపిల పోయింది కానీ తోలు పోలేదు. సక్షన్ పైపు అడుగున ఉండే ఫుట్ వాల్వులో మూతగా, చేతిపంపు సిలిండర్‌లో వాషరుగా తోలు ముక్కే చాలాకాలం పనిచేసింది. రబ్బరు వచ్చాకే దానికి సెలవు దొరికింది.

ఇరవై అయిదు అడుగుల గీత

బావి ఒడ్డున కూర్చున్న పంపు నీటిని లాగుతుందని అందరూ అనుకుంటారు. నిజానికి అది లాగదు. పైపులో గాలి పలచబడితే, బయటి గాలి బరువు బావి నీటిని పైకి నెడుతుంది. ఆ బరువు మోయగలిగింది లెక్క ప్రకారం 34 అడుగుల నీటిని. ఆచరణలో పైపు ఒరిపిడి, అతుకుల్లో దూరే గాలి పోను 22 నుంచి 25 అడుగులు దక్కితే గొప్ప. ఎంత హార్స్‌పవర్ మోటారు పెట్టినా ఈ గీత దాటదు.

అందుకే బావి లోపల మెట్టుమెట్టుకూ దిమ్మెలు కట్టారు. నీళ్లు దిగేకొద్దీ చైన్ కప్పీతో మోటారును కింది దిమ్మెకు దింపుతారు. తల పండిన మేస్త్రీని “మోటారు నీళ్లు ఎత్తుకోవడం లేదు” అని పిలిస్తే, ఆయన స్పానరు తీయడు. తాడుకు రాయి కట్టి బావిలోకి వదిలి, నీటి మట్టం నుంచి పంపు దాకా ఎన్ని అడుగులో కొలుస్తాడు. కొలత గీత దాటితే పంపుకు ఏ రోగమూ లేదు, దాన్ని ఒక మెట్టు దించితే చాలు. ఈ ఒక్క కొలత చేయకపోవడం వల్లే మంచి మోటార్లను విప్పి పాడుచేస్తుంటారు.

అనుమానానికి ఒక వరస

కొలత సరిపోతే తర్వాతి అనుమానం ఫుట్ వాల్వు మీద. సక్షన్ పైపు నిండా నీళ్లు పోసి కాసేపు చూడాలి. మట్టం తగ్గుతుంటే వాల్వు మూత కింద రాయో, నాచో, అరిగిన రబ్బరో ఉన్నట్టు. అంత తీరిక లేనప్పుడు రైతులు పేడనీళ్లు పోస్తారు. పీచు పోయి సందులో ఇరుక్కుని ఆ పూటకు మోటారు ఎత్తుకుంటుంది. అది తాత్కాలికం.

మట్టం నిలిచినా నీళ్లు రాకపోతే సక్షన్ అతుకుల్లో గాలి దూరుతోందన్నమాట. నీళ్లు కారే చిల్లి కంటికి కనపడుతుంది గానీ గాలి పీల్చే చిల్లి కనపడదు. పంపు తిరుగుతుండగా వెలిగించిన అగరొత్తిని అతుకుల దగ్గర తిప్పితే, పొగ ఎక్కడ లోపలికి పోతోందో అక్కడే చిల్లి. దానికి పాత సైకిల్ ట్యూబును సాగదీసి బిగించి చుడితే ఒక కారు గడుస్తుంది.

మూడోది తిరిగే దిశ. మూడు ఫేజుల మోటారుకు ఏ రెండు తీగలు తారుమారైనా వెనక్కి తిరుగుతుంది. మోత మామూలుగానే ఉంటుంది, నీళ్లు మాత్రం సన్నగా వస్తాయి. నీటిని తోసే చక్రం, అంటే ఇంపెల్లర్, షాఫ్టుకు మరతో బిగించినదైతే ఊడి కేసింగుకు తగులుతుంది కూడా. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పని జరిగిన మర్నాడు పంపు మొరాయిస్తే, కేసింగు మీది బాణం గుర్తును ముందు చూడాలి.

ఇవన్నీ దాటాకే పంపు విప్పడం. ఫ్యూజు పీకి జేబులో వేసుకుని, వెనక ఫ్యాన్ మూత తీసి చేత్తో తిప్పుతారు. వదులుగా తిరిగితే లోపం కరెంటు వైపు. బిగిసి ఉంటే తుప్పో, బేరింగో. గరగరమంటే బేరింగే.

ఒట్టిగా తిరిగిన పంపు

2004లో ఉచిత విద్యుత్తు వచ్చాక ఆటోమేటిక్ స్టార్టర్లు విపరీతంగా పెరిగాయి. అర్ధరాత్రి కరెంటు రాగానే మోటారు దానంతటదే మొదలవుతుంది. ఆ వేళకు ఫుట్ వాల్వు కారి పైపు ఖాళీ అయి ఉంటే, తెల్లవార్లూ ఒట్టిగా తిరుగుతుంది. ముందు పోయేది షాఫ్టు వెంట నీరు కారకుండా ఆపే సీలు.

పాత పంపుల్లో సీలుగా షాఫ్టు చుట్టూ గ్రాఫైట్ పట్టించిన తాడు ఉంటుంది. దాన్ని మార్చడంలో పనితనం ఉంది. తాడును అదే లావు షాఫ్టు మీద చుట్టి, బ్లేడుతో ఏటవాలుగా కోసి విడివిడి చుట్లు చేయాలి. ఒక చుట్టు అతుకు మీద మరో చుట్టు అతుకు పడకూడదు. ఆ తాడును నొక్కిపట్టే గ్లాండును చుక్క నీరు కూడా కారకుండా బిగించడం కొత్తవాడు చేసే పొరపాటు. చుక్కచుక్కగా కారుతుంటేనే తాడు చల్లగా ఉండి షాఫ్టును కోయదు. కొత్త పంపుల మెకానికల్ సీలులో కార్బన్, సిరామిక్ ముఖాలు సన్నని నీటిపొర మీద ఒరుసుకుంటాయి. వాటి మీద వేలిముద్ర జిడ్డు కూడా పడకుండా శుభ్రమైన గుడ్డతో పట్టుకుని కూర్చోబెట్టాలి.

సలసల కాగిన కేసింగులో చల్లని బావినీళ్లు పోస్తే మరో నష్టం. ఇనుము ఒకచోట చటుక్కున ముడుచుకుని చీలుతుంది. చలిదేశంలో మంచు చేసే పనిని ఇక్కడ తొందరపాటు చేస్తుంది. చీలిక రెండు కొసలా సన్న రంధ్రాలు వేస్తే అది ముందుకు పాకదు. తర్వాత గాడి తీసి, కేసింగును వెచ్చచేసి, నికెల్ రాడ్డుతో అంగుళం అంగుళంగా అతికి, ప్రతి అతుకునూ సుత్తితో మెల్లగా తట్టాలి. చివరికి బూడిదలోనో పొడి ఇసుకలోనో కప్పి నిదానంగా చల్లారనివ్వాలి. వెంట్రుకవాసి చీలికైతే ఎం-సీల్ చాలు.

చాలా పంపుల కేసింగు అడుగున ఒక చిన్న మర బిరడా ఉంటుంది. చలిదేశాల్లో శీతాకాలం రాకముందే దాన్ని విప్పి నీరంతా వదిలేస్తారు. ఇక్కడ ఎవరూ ముట్టుకోరు. ఒండ్రు చేరే బావుల్లో దాన్ని అప్పుడప్పుడు విప్పినా మంచిదే.

మునిగిన మోటారు

2021 నవంబరులో పెన్నకు వరద వచ్చిన వానల్లాంటివి కురిస్తే బావిలోని మోటారుకు గండమే. పైకి తీసిన మోటారు బయటికి బాగానే కనపడుతుంది. ఆరిందో లేదో చూద్దామని స్విచ్ వేస్తే కాయిల్ పోతుంది. విప్పి, ఒండ్రును మంచినీళ్లతో కడిగి, ఎండలో పెట్టి, ముసురు పట్టి ఉంటే లోపల బల్బు వెలిగించి ఆరబెట్టాలి. ఇన్సులేషన్‌ను కొలిచే మెగ్గర్ పరీక్షలో కనీసం ఒక మెగాఓమ్ చూపితేనే కరెంటు ఇవ్వాలి. బేరింగులు కిరోసిన్‌లో కడిగి కొత్త గ్రీజు పెట్టాలి.

కాయిల్ పోతే రీవైండింగ్. పాత తీగ కోయకముందే చుట్ల లెక్క, తీగ గేజి, కనెక్షన్ల బొమ్మ రాసుకోవడం ఆ షాపుల్లో మొదటి పాఠం. కొత్త కాయిల్‌కు వార్నిష్ పోసి ఆరబెడతారు. రోహిణి కార్తెలో ఆ పని ఎండే చేసిపెడుతుంది.

బావిలోకి దిగేముందు ఒక జాగ్రత్త ప్రాణంతో సమానం. ఆయిల్ ఇంజిన్ నడిచిన బావిలో కార్బన్ మోనాక్సైడ్ నిలిచి ఉంటుంది. దీపం దించి ఆరిపోలేదు కాబట్టి దిగవచ్చనుకోవడం ప్రమాదం. దీపం ప్రాణవాయువు తక్కువైతేనే ఆరుతుంది, ఈ విషవాయువును చూపించదు. కాబట్టి ఇంజిన్‌ను బావిలో పెట్టనే కూడదు. ఎంతోసేపు గాలాడించాక, నడుముకు తాడు కట్టుకుని, పైన మనిషి ఉండగానే దిగాలి.

ఈ విద్య విలువ

మెట్టలో ఇప్పుడు సబ్‌మెర్సిబుల్‌దే రాజ్యం. అది వందల అడుగుల కింద నుంచి నీటిని నెడుతుంది, గాలి బరువు గీత దానికి లేదు. బోరులోకి దించాక కంటికి కనపడదు, చెడితే పైపులన్నీ పీకే బండి రావాలి. అది చేసే మేలును కాదనలేం. కానీ దానితో పాటు ఒక అలవాటు పోతోంది. బావి మోటారు ఉన్న రైతుకు నీరు ఎన్ని అడుగులు దిగిందో ప్రతివారం తెలిసేది, ఎందుకంటే ఆ కొలత మీదే మోటారు బతుకు. బోరు రైతుకు నీరు అయిపోయిన రోజునే తెలుస్తోంది. లోతుకు పోయేకొద్దీ ఫ్లోరైడు బాధ ఉన్న ఉదయగిరి ప్రాంతంలో ఈ తెలియకపోవడానికి వెల ఎక్కువ.

బావి పంపు మరమ్మతును డబ్బు ఆదా చేసే చిట్కాగా చూస్తే దాని విలువ సగమే తెలుస్తుంది. అందులో అనుమానపు వరస చవకైన దానితో మొదలై ఖరీదైన దానితో ముగుస్తుంది: నీటి మట్టం, వాల్వు, అతుకు, దిశ, సీలు, బేరింగు, చివరికి కాయిల్. ఆ వరసలో మొదటి మెట్టు యంత్రం కాదు, నీరు. ఐటీఐ పిల్లలకు వైండింగ్ ఎలాగూ నేర్పుతున్నారు. వాళ్ల చేతికి తాడూ రాయీ ఇచ్చి ముందు బావిని కొలవడం కూడా నేర్పితే, రేపు బోర్లు బాగుచేసే మెకానిక్ కూడా మోటారు విప్పకముందు నీటి సంగతి అడుగుతాడు. మెట్ట రైతుకు ఇప్పుడు కావలసింది ఆ ప్రశ్న అడిగే మనిషే.