నెమలిని ఎత్తి పెట్టుకున్నంత మాత్రాన

మడకశిర పల్లెల్లో మల్బరీ తోటలు, హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్టు, ధర్మవరంలో జాకార్డు మగ్గాలు, పెనుకొండ దగ్గర కార్ల కర్మాగారం అన్నీ 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోనే ఉన్నాయి గనుక, కంప్యూటరు తెరపై ఇదివరకే గీసి ఉన్న భాగాన్ని కొత్త నమూనాలోకి తెచ్చుకునే పనిని పరిశీలించడానికి ఇది ఎంతో అనువైన ప్రాంతం. కంప్యూటరు సాయంతో నమూనా గీయడాన్నే క్యాడ్ అంటారు. చీర అంచు గీసేవారికైనా, కారు విడిభాగం గీసేవారికైనా పాతదాన్ని ఎత్తి పెట్టుకోవడం రోజూ ఉండే పనే; అయితే ఆకారం ఒక్క మీట నొక్కితే వచ్చేస్తుంది గానీ, ఆ ఆకారం ఏ కొలతలను బట్టి, ఏ నూలు కోసం, ఏ మగ్గానికి సరిపడేలా పుట్టిందో ఆ వివరం దానంతట అది వెంట రాదు. నకలు తీసేవారి నైపుణ్యమంతా ఈ రెండోదాన్ని రాబట్టుకోవడంలోనే ఉంది.

ఫ్రాన్సులో జోసెఫ్ మారీ జాకార్డు 1804 ప్రాంతంలో రూపొందించిన యంత్రంలో, అట్టపై చిల్లు ఉన్న చోట కొక్కెం పడుగు పోగును పైకెత్తుతుంది, చిల్లు లేని చోట ఎత్తదు. అట్టలు కొట్టడానికి ముందు నమూనాను గళ్ల కాగితంపై గీస్తారు. అందులో ఒక్కో నిలువు వరుస ఒక్కో కొక్కేనికి, ఒక్కో అడ్డ వరుస ఒక్కో పేకకు గుర్తు. ఎలక్ట్రానిక్ జాకార్డు వచ్చిన చోట అట్టలు పోయి కంప్యూటరు ఫైలే కొక్కేలను నడిపిస్తున్నది గానీ, గడి లెక్క మాత్రం మారలేదు. ఒక్కో కొక్కెం ఒక్కో పోగునే ఎత్తే మగ్గంపై, అంగుళానికి 80 పడుగు పోగులు, 80 పేకలు పడే గుడ్డ కోసం 80 గళ్ల వెడల్పు, 80 గళ్ల ఎత్తుతో గీసిన గుండ్రని బుటాను ఉదాహరణగా తీసుకుంటే, దాన్నే అంగుళానికి 60 పేకలు మాత్రమే పడే గుడ్డలోకి తెచ్చినప్పుడు వెడల్పు ఒక అంగుళంగానే ఉండి, ఎత్తు ఒక అంగుళం మీద మరో మూడో వంతుకు సాగి, గుండ్రటి పువ్వు కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. తెరపై గళ్లన్నీ చదరంగానే కనబడతాయి కాబట్టి ఈ తేడా గీసినవారి కంటికి ఆనదు, నేసినవారి చేతిలో బయటపడుతుంది.

ఇంతకంటే లోతైన చిక్కు తేలే పోగులది. జరీ పేక పడుగు పోగుల మధ్య ఎక్కడా పట్టు దొరకకుండా గుడ్డపై తేలుతూ పోయే పొడవు ఒక హద్దు దాటితే, కట్టుకున్నవారి గాజుకో గోరుకో తగిలి లేచిపోతుంది. ఎనిమిది పోగుల మీదుగా తేలే జరీతో గీసిన నెమలి ఈకను రెండింతలు పెంచితే ఆ తేలుడు పదహారు పోగులకు పెరుగుతుంది. అందువల్ల పెద్ద నెమలి అంటే పెంచిన చిన్న నెమలి కాదు, మధ్య మధ్య కొత్తగా కట్లు వేసి మళ్లీ గీయవలసిన నెమలి. గళ్ల కాగితంపై చేత్తో రంగు నింపుతూ నకలు తీసిన కాలంలో ఒక్కో గడినీ లెక్కపెట్టక తప్పేది కాదు కాబట్టి ఈ పరీక్ష ఆ శ్రమలో భాగంగానే జరిగిపోయేది. ఇప్పటి సాఫ్ట్‌వేర్లలో తేలే పోగులను వెతికిపెట్టే సదుపాయం ఉన్నా, దాన్ని నడపాలన్న తలంపు మనిషికే రావాలి. కొక్కేల సంఖ్య సంగతి ఇంతకంటే తేలిక: బుటా మధ్యలో తెగకుండా పక్కపక్కనే పడాలంటే దాని గళ్ల సంఖ్య కొక్కేల సంఖ్యను సరిగ్గా భాగించాలి; 240 కొక్కేల జాకార్డులో 60, 80, 120 గళ్ల బుటాలు సరిపోతాయి, 100 గళ్ల బుటా సరిపోదు.

అద్దంలోలాగా తిప్పి నకలు తీసే ఆజ్ఞ గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఎడమ అంచులోని హంసను కుడి అంచుకు తిప్పి పెడితే రెండూ ఎదురెదురుగా నిలిచి చీరకు అందం వస్తుంది. అదే ఆజ్ఞను వినాయకుడి బుటాపై వాడితే ఎడమకు తిరిగిన తొండం కుడికి తిరుగుతుంది, శంఖం చుట్టు వేరే వైపుకు మారుతుంది, దేవతల కుడిచేతి ఆయుధం ఎడమ చేతికి పోతుంది. చీర కట్టుకునే ఇంట్లో ఇవి చిన్న తేడాలు కావు. కంప్యూటరు దృష్టిలో హంసా వినాయకుడూ ఒకటే.

లేపాక్షిలో, అచ్యుతదేవరాయల కాలపు వీరభద్రాలయంలో, లతామండపం స్తంభాలపై చెక్కిన తీగలూ పక్షులూ ఈ ప్రాంతపు నేతకు చాలాకాలంగా ఆధారం. రాతిలోని వంపును గళ్లలోకి తెచ్చేటప్పుడు అది మెట్లు మెట్లుగా విరుగుతుంది, ఏ మెట్టు ఉంచాలో ఏది తీసేయాలో గీసేవారు తేల్చుకోవాలి. మూలం రాయి, చేరవలసింది పట్టు కాబట్టి అక్కడ నకలు అనేది మళ్లీ గీయడమే. ఫైలు నుంచి ఫైలుకు సాగే నకలులో ఈ మార్పు కంటికి కనిపించదు కనుకనే ఎక్కువ జాగ్రత్త కావాలి.

యంత్రభాగాలు గీసేవారికి మరో ప్రశ్న ఎదురవుతుంది: తెచ్చుకున్న భాగం మూలంతో ముడిపడి ఉండాలా, తెగిపోవాలా? 1963లో ఇవాన్ సదర్లాండ్ ఎంఐటీలో సమర్పించిన స్కెచ్‌ప్యాడ్ సిద్ధాంత వ్యాసంలోనే, ఒక మూల చిత్రాన్ని మారిస్తే దాని ప్రతులన్నీ మారిపోయే ఏర్పాటు ఉంది. పెనుకొండ దగ్గర 2019లో తయారీ మొదలైన కియా సెల్టోస్, ఆ మరుసటి ఏడాది వచ్చిన రెండో తరం హ్యుందాయ్ క్రెటా ఒకే ప్లాట్‌ఫారం, అంటే ఒకే అడుగు నిర్మాణం, మీద తయారైనవి. అటువంటి ఉమ్మడి భాగాల విషయంలో ముడి ఉండడమే మేలు, ఎందుకంటే ఒక చిల్లును సవరిస్తే ఆ సవరణ అన్నిచోట్లకూ చేరాలి. పాత పనిముట్టు నమూనా నుంచి ఒక బిగింపు ముక్కను తెచ్చుకుని తన అవసరానికి మలచుకునే చిన్న వర్క్‌షాపుకు మాత్రం ముడి తెంచుకోవడమే క్షేమం. లేకుంటే ఇక్కడ చేసిన మార్పు, అప్పటికే గిరాకీదారుకు అప్పగించిన పాత నమూనాను తారుమారు చేస్తుంది. బుటాలకైతే ముడి తెగడమే ఎక్కువసార్లు సబబు, ఎందుకంటే మగ్గం మారితే బుటా కూడా మారాలి.

ముడి తెగినా తెగకూడనిది గీసినవారి పేరు. ధర్మవరం పట్టుచీరకు లభించిన భౌగోళిక గుర్తింపు ధర్మవరం అన్న పేరును కాపాడుతుంది గానీ, చీరలోని నెమలిని కాపాడదు. 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేసుకుంటే కొత్త నమూనాకు పదేళ్లు, పొడిగించుకుంటే మరో ఐదేళ్లు రక్షణ ఉంటుంది. చేమగ్గం కోసం నెలల తరబడి ఆలోచించి గీసిన కొంగు, ఒక పెన్‌డ్రైవులో మరమగ్గానికి చేరిపోగల ఈ రోజుల్లో ఆ నమోదు విలువ చిన్నది కాదు. అంతకంటే ముందు, ఏ ఖర్చూ లేకుండా చేయగలిగిన పని ఒకటి ఉంది: ప్రతి బుటా ఫైలులోనూ అంగుళానికి ఎన్ని పోగులు, ఎన్ని పేకలు, ఎన్ని కొక్కేలు, జరీ ఎంత వరకు తేలవచ్చు, ఎవరు గీశారు, ఏ సంవత్సరంలో గీశారు అన్న ఆరు వివరాలను నమూనా పక్కనే ఒక మూల రాసి ఉంచితే, పదేళ్ల తర్వాత దాన్ని తెరిచేవారు ఆ నెమలిని దాని కొలతలతో, దాని కర్త పేరుతో సహా తెచ్చుకోగలుగుతారు.