ముత్యానికి చింతపండు పడదు

శ్రావణమాసం వస్తోందంటే లాకర్లలోంచి నగలు ఇళ్లకు చేరతాయి. ఒక గిన్నెలో నీళ్లు పోసి చింతపండో, నిమ్మచెక్కో, బట్టల సబ్బో, చేతికందింది కలిపి, ఉన్న నగలన్నీ అందులో వేసేస్తారు. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. బంగారం చాలావరకు తట్టుకుంటుంది. దానితో కలిపి గుచ్చినవీ, పొదిగినవీ తట్టుకోలేవు.

పుస్తెలతాడు రోజూ ఒంటిమీదే ఉంటుంది. పసుపు, సబ్బు, చెమట కలిసి లింకుల సందుల్లో మడ్డిలా పేరుకుంటాయి. 22 క్యారెట్లంటే వందకు దాదాపు 92 పాళ్లు మేలిమి బంగారమే కనుక అది నల్లబడడం అరుదు, జిడ్డు వదిలితే చాలు. కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి పిసకండి. ఆ రసంలో అరగంట ఉంచితే మడ్డి మెత్తబడుతుంది. తర్వాత పసిపిల్లల బ్రష్షుతో పుస్తెల లోపలి గుంటలో, కొక్కెం సందుల్లో మెల్లగా రుద్దాలి. నురుగు పచ్చగా మారి, అడుగునుంచి అసలు రంగు తేలుతుంటే ఎంత బాగుంటుందో! టూత్‌పేస్టు మాత్రం వద్దు, సన్నటి గీతలు పడతాయి.

ముత్యాల దారి వేరు. ముత్యంలో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేటే, సున్నపురాయిలో ఉన్నదే. పులుపు తగిలితే కరుగుతుంది. పైపొర పోయిన ముత్యం సుద్దముక్కలా వెలవెలబోతుంది, ఆ నిగారింపు మళ్లీ తేలేం. పగడమూ అంతే. హైదరాబాద్ పత్థర్‌గట్టీలో ఎంతో మోజుపడి కొన్న దండను నీళ్లలో ముంచకండి, దారం సాగుతుంది. మెత్తటి నూలుగుడ్డ తడిపి, గట్టిగా పిండి, ఒక్కో ముత్యాన్నీ తుడవండి. తువ్వాలు మీద పరిచి ఆరబెట్టండి, వేలాడదీయొద్దు. సెంటు కొట్టుకోవడం అయ్యాకే దండ వేసుకోవాలి, తీయగానే ఒకసారి తుడవాలి.

వెనక మూసేసి పొదిగిన కెంపులకు నీళ్లు అసలే పనికిరావు. రాయి అడుగున పల్చటి రేకు ఉంటుంది. తడి చేరితే అది మసకబారి, రాయిలో కళ పోతుంది. పొడి బ్రష్షుతో దుమ్ము దులిపితే చాలు. పచ్చల్లో చాలావాటికి పగుళ్లు కనబడకుండా నూనె పట్టించి ఉంటారు, వేడినీళ్లు తగిలితే అది బయటికొచ్చేస్తుంది.

వెండి పట్టీలది గాలిలోని గంధకం తెచ్చే నలుపు. గిన్నెలో అల్యూమినియం రేకు పరిచి, పట్టీలు దానికి తగిలేలా పెట్టి, వేడినీళ్లూ వంటసోడా వేస్తే ఆ గంధకం అల్యూమినియంవైపు వెళ్లిపోతుంది. కాస్త కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, కంగారుపడకండి. విబూదితో తోమినట్టు వెండి అరగదు. పనితనం తెలియడానికి కావాలని నలుపు వదిలిన నగలను మాత్రం ఇందులో వేయొద్దు.

వీధిలో మెరుగు పెడతామంటూ వచ్చేవాళ్లను నమ్మకండి. బంగారాన్ని కరిగించే ఆమ్లంలో ముంచి, మీ కళ్లముందే కొంత దోచుకునేవాళ్లు వాళ్లలో ఉంటారు. నగకు నిజంగా మెరుగు కావాలంటే తెలిసిన కంసాలి దగ్గరికే వెళ్లి, ముందు తూకం వేయించి, పని అయ్యేదాకా అక్కడే కూర్చోండి.