బూగామ్ దాసి: ఆధునిక పారసీక నవలలో ఒక తెలుగు మాట

వేలూరు, గుడియాత్తము పట్టణములలో తెలుగు, తమిళము, ఉర్దూ ఒకే వీథిలో వినబడును. ఇచ్చటి తెలుగువారు భూమి కొన్నప్పుడు 'దస్తావేజు' వ్రాయించుకొందురు. వ్రాయుటకు 'కాగితము' తెత్తురు. ఈ రెండు మాటలును పారసీకము నుండి వచ్చినవే. ఆ భాష ఈ ప్రాంతమున కచేరీలకే పరిమితమై యుండలేదు. 1745లో వేలూరున జన్మించిన బాఖర్ ఆగా పారసీకమునను దక్ఖనీ ఉర్దూలోను గ్రంథములు రచించిన పండితుడు. పారసీకము మనకిచ్చిన మాటల లెక్కను పెద్దలు పలుమాఱులు వేసియున్నారు. మనము దానికిచ్చిన వాని లెక్క వేయునప్పుడు మాత్రము ప్రాచీన గ్రంథములతోనే ఆగిపోవుట పరిపాటి. ఆధునిక పారసీక నవలలో మన మాట యొకటి గుర్తింపబడక నిలిచియున్నది. దానిని పరిశీలించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ప్రాచీన సంబంధము సుప్రసిద్ధమే. పంచతంత్రము ఆఱవ శతాబ్దమున ఖుస్రూ అనుషిర్వాను కాలమున పహ్లవీ భాషలోనికి పోయి, అటుపిమ్మట 'కలీలా దిమ్నా' యను పేర లోకమంతట వ్యాపించెను. శుకసప్తతి కథలను 1330లో నఖ్షబీ 'తూతీనామా'గా మలచెను. ఆ కథలనే మన పాలవేకరి కదిరీపతి తెలుగు పద్యములలో చెప్పెను. కాని ఇవి కథల రాకపోకలు. ఆధునిక కాలమున భారతదేశము పారసీక రచయితకు కథలనిచ్చు గని కాక, కథ జరుగు స్థలమయ్యెను. ఈ మార్పు సాదిఖ్ హెదాయత్ రచనలలో స్పష్టముగా కనబడును.

హెదాయత్ 1903లో టెహరానున జన్మించి, 1951లో పారిస్ నగరమున తన ప్రాణములను తానే తీసికొనెను. భారతదేశమును చూడకమునుపే ఆయన మనస్సు ఇటు మొగ్గియుండెను. 1927లో శాకాహారమును సమర్థించుచు ఒక గ్రంథము ప్రకటించెను. 1933 నాటి కథాసంపుటిలోని 'ఆఖరి చిఱునవ్వు' అను కథలో బర్మకీ వంశీయులను లోలోపల బౌద్ధమును విడువనివారినిగా చిత్రించెను. 1936లో బొంబాయి చేరి సుమారొక సంవత్సరము నివసించెను. అచ్చట పారసీ పండితుడగు బహ్రామ్‌గోర్ అంక్లేసారియా వద్ద పహ్లవీ నేర్చెను. మైసూరు దివానుగా నున్న మీర్జా ఇస్మాయిలు ఆతిథ్యమున దక్షిణాదిని కూడ చూచెను. ఆ బొంబాయిలోనే 1936లో 'బూఫె కూర్', అనగా 'గ్రుడ్డి గుడ్లగూబ', అను నవలను చేతివ్రాతతో సుమారు ఏబది ప్రతులుగా తీయించెను. ఇరానులో విక్రయించుటకు కాదని దానిపై వ్రాసెను. 1941లో రెజా షా సింహాసనమును విడిచిన తరువాతనే అది ఇరాను పత్రికలో వెలువడినది. 1953లో ఫ్రెంచిలోనికిని, తరువాత కొలది యేండ్లకు ఇంగ్లీషులోనికిని అనువాదమై, ఆధునిక పారసీక గద్యమున కెల్ల తలమానికమని పేరుపొందినది.

ఆ నవలలోని కథకుడు కలందానుల మూతలపై బొమ్మలు వ్రాయువాడు. ఎల్లప్పుడును ఒకే బొమ్మ వ్రాయును: సరుగుడు వంటి సర్వవృక్షము క్రింద భారతదేశపు యోగివలె ముడుచుకొని కూర్చున్న వృద్ధుడు, నడుమ సెలయేఱు, ఆవలి నుండి వంగి 'నీలూఫర్' పువ్వు అందించు కన్య. ఆ పువ్వు పేరు సంస్కృత 'నీలోత్పల' శబ్దభవము. ఈ కలందానులు అమ్ముడుపోవునది భారతదేశముననే. కథకుని జన్మవృత్తాంతమును దాది చెప్పును. అతని తండ్రి, పినతండ్రి కవలలు, వర్తకులు. తండ్రి కాశికి వచ్చి, లింగాలయమున నాట్యమాడు బూగామ్ దాసిని వలచెను. ఆమె గర్భవతియై ఆలయము నుండి వెడలగొట్టబడెను. పిమ్మట పినతండ్రియు ఆమెను వలచి, రూపసామ్యముచేత మోసగించెను. నిజమెఱిగిన ఆమె, ఇరువురును నాగుపాముతో చీకటిగదిలో నుండి రావలెననియు, బ్రతికివచ్చినవానితో నుందుననియు షరతు విధించెను. తల నెఱసి, మతి చెడి వెలువడినవాడు తండ్రియో పినతండ్రియో ఎవ్వరికిని తెలియలేదు. బిడ్డను విడిచి పోవునప్పుడు ఆ తల్లి యిచ్చిన కానుక పాము విషము కలిపిన మధువు.

ఇంగ్లీషు అనువాదమున ఆ స్త్రీ పేరు 'బూగామ్ దాసి' యని యున్నది. చదువరులు దీనినొక వింత పేరుగా తలచి సాగిపోవుదురు. కాని పారసీక లిపిలో 'వావ్' అను నక్షరము 'ఊ' కారమునకును 'ఓ' కారమునకును ఒక్కటియే. నేటి ఇరానువారు దానిని 'బూ' యని పలుకుదురు. అదే కూర్పును వేలూరులోనో గుడియాత్తములోనో ఉర్దూ నేర్చినవారి ముందుంచినచో 'బో' యని చదువుటకు ఏ యడ్డును లేదు. పారసీక లిపిలో హ్రస్వ అకారమునకు అక్షరము లేదు గనుక, పరభాషా నామములలో దానిని తెలుపుటకు 'అలిఫ్' వ్రాయుట కలదు. ఆ దీర్ఘమును తీసివేసినచో మిగులునది 'బోగమ్ దాసి'. తెలుగువారికి ఈ మాటకు అర్థము చెప్పనక్కఱలేదు. అది పేరు కాదు, ఒక వర్గమునకు పెట్టిన పేరు. ఆ మాట తిట్టుగా మాఱుటచే ఆ కులమువారు తమను కళావంతులని పేర్కొనిరి. ఇచ్చట చరిత్ర నిమిత్తమే అది వాడబడుచున్నది.

దీనికి కొన్ని ఆక్షేపణలు రావచ్చును. 'భోగ' శబ్దము సంస్కృతమే కదా, తెలుగుదేల కావలెనని యొకటి. నిజమే, కాని ఉత్తరాది భాషలలో అది 'భోగ్' అగును. చివర మకారము నిలుచుట దక్షిణాది రూపము. కాశిలో గాని బొంబాయిలో గాని పుట్టిన మాటయైనచో ఆ ప్రాంతపు పేరే వినబడవలెను. మరాఠీ, కొంకణి ప్రాంతములలో ఆలయస్త్రీలను 'భావిన్' అనియు, 'మురళి' యనియు పిలుతురు. తమిళమున 'దేవరడియాళ్' అందురు. 'బోగము' అను మాటను నాట్యవృత్తి గల స్త్రీలకు వాడినవారు తెలుగువారు. హెదాయత్ తెలుగెట్లెఱుగునని రెండవ యాక్షేపణ. ఆయన తెలుగు నేర్వనక్కఱలేదు. 1909లో థర్‌స్టన్ ప్రకటించిన దక్షిణ భారత కులముల గ్రంథమున ఈ మాట తెలుగు నాట్యకత్తెల పేరుగా ఎక్కియున్నది. బొంబాయి వీథులలోను తెలుగు వినబడుచునే యుండెను. నైజాము తెలుగు ప్రాంతము నుండి వలసపోయిన కామాఠీ కూలీల వలననే అచ్చటి కామాఠీపురమునకు ఆ పేరు వచ్చినది. నవల కొంత టెహరానులోనే వ్రాయబడెనను వాదమును అంగీకరించినను ఈ మాట తెలుగుదనమునకు లోపము రాదు. పుస్తకము ద్వారా చేరెనో, వీథి ద్వారా చేరెనో యను భేదమే మిగులును.

మాట గుర్తింపబడగానే నవలలోని మఱియొక విషయము బయటపడును. ఆలయములలో నాట్యసేవ చేయు స్త్రీల వ్యవస్థ ప్రధానముగా దక్షిణాదిలోను, పూరీలోను వెలసినది. కాశి నాట్యగానములకు ప్రసిద్ధమైనను అది ఈ వ్యవస్థకు కేంద్రము కాదు. హెదాయత్ దక్షిణాది ఆచారమును దక్షిణాది పేరుతోనే కొనిపోయి కాశిలో నిలిపెను. ఆయనకు కావలసినది ఒక ఊరు కాదు. లింగము, నాగము, నాట్యము, విషము కలిసిన ఒక స్వప్నదేశము. నవల స్వప్నరీతిని నడచునది గనుక దీనిని భౌగోళిక దోషముగా ఎంచుట సరికాదు. విమర్శ అడుగవలసినది వేఱు ప్రశ్న: ఆ స్వప్నమున బోగముదాసికి దక్కినదేమి?

ఆమెకు దక్కినది మౌనము. ఆమె నోటి మాటగా నవలలో ఒక్క వాక్యమైనను లేదు. ఆమె పెట్టిన షరతు సైతము దాది చెప్పగా కథకుడు చెప్పినది. ఆమెకు సొంత పేరు కూడ లేదు. కులము పేరే ఆమె పేరయ్యెను. అదే కాలమున మన దేశమున ఆ స్త్రీల బ్రతుకు చట్టసభలలో చర్చకు వచ్చియుండెను. మైసూరు సంస్థానము 1909లోనే ఆలయములలో ఈ సేవను మాన్పించెను. బొంబాయిలో 1934లో దేవదాసీ రక్షణ చట్టము వచ్చెను. చెన్నరాష్ట్రమున ముత్తులక్ష్మీ రెడ్డి 1930లో ప్రవేశపెట్టిన ప్రయత్నము 1947లో చట్టముగా ఫలించెను. అనగా హెదాయత్ ప్రతులు తీయించిన నగరముననే రెండేండ్లకు పూర్వము దేవదాసి చట్టమునకెక్కినది. నవలలో ఆమె కాలాతీతమైన విగ్రహముగానే నిలిచినది.

తెలుగు సాహిత్యము ఈ స్త్రీకి ఏమిచ్చినదో ప్రక్కన నుంచి చూడవలెను. థర్‌స్టన్ గ్రంథము, మైసూరు నిషేధము వెలువడిన 1909లోనే గురజాడ అప్పారావు 'కన్యాశుల్కము' రెండవ కూర్పును ప్రకటించెను. అందలి మధురవాణి వేశ్యయే. కాని నాటకమున అందఱికన్న చక్కగా మాటలాడునది, అందఱి మాటలలోని డొల్లతనమును కనిపెట్టునది ఆమెయే. మఱుసటి యేడు బెంగళూరు నాగరత్నమ్మ, తంజావూరి ముద్దుపళని రచించిన 'రాధికాసాంత్వనము'ను పరిష్కరించి ప్రకటించెను. కవయిత్రియు పరిష్కర్త్రియు ఆ వర్గమువారే. ఆ గ్రంథమును ప్రభుత్వము నిషేధించెను. 1947లోగాని ఆ నిషేధము తొలగలేదు. బోగమువారు మాటలాడుటయే కాదు, వ్రాసిరి, అచ్చువేయించిరి, అందులకు నిందలు మోసిరి.

హెదాయత్‌కు అన్యాయము చేయరాదు. ఆ నవలలో ఇరాను స్త్రీలును ఇంచుమించు మౌనముననే యున్నారు. కలందానుపై బొమ్మయైన కన్యయు పలుకదు. తన నీడతో దక్క మఱెవ్వరితోను మాటలాడలేని కథకుని మనోరోగమే ఆ గ్రంథమునకు వస్తువు. అయినను భేదము కలదు. ఇరాను కన్య కథకుని ఊహనుండి పుట్టినది. బోగముదాసి లోకమున నిజముగా నుండిన వర్గము నుండి, ఆ వర్గపు పేరుతోడనే తేబడినది. ఊహాకన్య మౌనము కళ యగును. ఉన్న మనుష్యుల మౌనమును కళగా మాత్రమే గ్రహించినచో చరిత్ర మఱుగుపడును. నవల గొప్పతనము దీనివలన తఱుగదు. చదువరి బాధ్యత మాత్రము పెరుగును.

ఈ బాధ్యతను వహించుటకు వేలూరు, గుడియాత్తములవంటి ఊళ్లవారికి ప్రత్యేకమైన అనుకూలత గలదు. పారసీక లిపిని చదువగలవారును, తెలుగు మాటను ఎఱిగినవారును ఇచ్చట ఇరుగుపొరుగువారు. ఒకరు అక్షరమును చదివి, మఱియొకరు అర్థమును చెప్పినచో, ఎనిమిది దశాబ్దులకు పైగా వింత పేరుగా చెల్లిన మాట తన యిల్లు చేరుకొనును. అట్లు చేరిన ఆమెను ప్రశ్నించుటకు కాక, ఆమె చెప్పునది వినుటకు మధురవాణిని, ముద్దుపళనిని, నాగరత్నమ్మను తోడుగా చదువుట ఉచితము.