తూముకాడి మనిషి లేని నీళ్ళ సినిమా

కౌబాయ్ సినిమా అంటే మనకు టోపీ, గుర్రం, తుపాకి. నీళ్ళు యాదికి రావు. కాని 1933లో మోనోగ్రామ్ కంపెనీ తక్కువ ఖర్చుతో తెచ్చిన ‘రైడర్స్ ఆఫ్ డెస్టినీ’లో కొట్లాటంతా నీళ్ళ కోసమే. గంట కూడా ఉండదు. దర్శకుడు రాబర్ట్ బ్రాడ్‌బరీ. హీరో, అప్పటికింకా పెద్ద పేరు రాని జాన్ వేన్, ఇందులో పాటలు పాడతడు. గొంతు మాత్రం ఆయనది కాదు.

కిన్‌కేడ్ అనే పెత్తందారు నీళ్ళను గుప్పిట్లో పెట్టుకుని, మందలు మేపుకునే ఆసాములను లొంగదీయజూస్తడు. వాషింగ్టన్ నుంచి మారువేషంలో వచ్చిన సర్కారు మనిషి అతనిచేతనే ఒక బావిని పేల్పిస్తడు. భూమిలోపలి నీళ్ళు పొంగి అందరికీ పారుతయి.

అందరికీ అంటే ఎవరికి? మా పేచీ ఇక్కడనే. నీళ్ళు దక్కినోళ్ళంతా భూమి ఉన్నోళ్ళు. వాళ్ళకంటే ముందు ఆ నేలమీద బతికిన ఆదివాసులు ఈ తగాదాలో ఒక పక్షమే కాదు. మోంటానాలోని ఫోర్ట్ బెల్క్‌నాప్ ఆదివాసులకు నీళ్ళ హక్కు ఉన్నదని అమెరికా సుప్రీంకోర్టు 1908లోనే, వింటర్స్ కేసులో, తీర్పిచ్చింది. పాతికేళ్ళ తర్వాత వచ్చిన సినిమాకు అది పట్టలేదు.

తాడ్వాయి నుంచి (మేడారం తోవలోది కాదు, కామారెడ్డి జిల్లాది) చూస్తే ఇంకో మనిషి లేని లోటు కొడతది. అతను నీరటి. తెలంగాణ చెరువుల కింద తూము ఎత్తింది, దించింది, రాత్రిళ్ళు కాలువ వెంట తిరిగి ఒక్కో మడి తడిపింది అతనే. వానకాలం కట్టకు కావలి ఉన్నదీ అతనే. చాలా ఊళ్ళల్లో ఆ పని మాలమాదిగలది. కిన్‌కేడ్ దగ్గర నీళ్ళు ఆపే బలమూ, అమ్ముకునే హక్కూ ఒక్కచోటనే ఉన్నయి. మన దగ్గర తూము పట్టిన చెయ్యి ఒకరిది, పారించమనే నోరు ఇంకొకరిది. కల్లం కాడ నాలుగు గింజలు కొలిచిపోస్తే నీరటి లెక్క తీరినట్టే. ఆసాములను ఆసాములతో కొట్లాడించే వెస్టర్న్‌కు ఈ మనిషిని ఎక్కడ నిలబెట్టాలో తెలువది.

2015 మార్చి 12న మిషన్ కాకతీయ మొదలైంది తాడ్వాయి పక్కనే, సదాశివనగర్ పాత చెరువు కాడ. చెరువు బాగైతే బావుల్లో ఊట పెరుగుతది, కూలి దొరుకుతది, కాదనం. పూడికమట్టిని రైతులు పొలాలకు తోలుకోవాలన్నరు. పొలమే లేనోళ్ళు ఎక్కడికి తోలుకోవాలె?

తెలుగు సినిమా ఈ బాధ పడలేదు. 1971లో కె.ఎస్.ఆర్. దాస్ తీసిన ‘మోసగాళ్ళకు మోసగాడు’లో కృష్ణకు టోపీ, గుర్రం దొరికినయి, వేట మాత్రం నిధి కోసం. నీళ్ళ తగాదా తెరమీద కాదు, కారంచేడులో జరిగింది. మాదిగలు తాగే చెరువులో కమ్మ యువకులు గేదెల కుడితి కలిపితే వద్దన్నందుకు, 1985 జూలై 17న ఆరుగురిని చంపారు. మారువేషంలో సర్కారు మనిషి ఎవరూ రాలేదు. బతికినోళ్ళు చీరాలకు నడిచిపోయి శిబిరం పెట్టుకున్నరు. ఆ సెప్టెంబరులోనే దళిత మహాసభ పుట్టింది.