వణుకు లేని మునక

జులైలో టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఎండ నూరు డిగ్రీల ఫారన్‌హీట్ దాటుతుంది. అదే మధ్యాహ్నం గంట ప్రయాణం దూరంలోని టెరెల్‌లో, స్కూబా పార్కు చెరువు గట్టున కొత్త డైవర్లు ఏడు మిల్లీమీటర్ల మందపు రబ్బరు సూట్లు తొడుక్కుని, తలకు హుడ్లు బిగించుకుని, చెమటలు కక్కుతూ నిలబడి ఉంటారు. చూసేవారికి విడ్డూరమే. పైనీరు గోరువెచ్చగా హాయిగా ఉంటుంది. పాతిక ముప్ఫై అడుగులు దిగేసరికి మాత్రం బారెడు లోతు తేడాలోనే నీరు పది పదిహేను డిగ్రీలు చల్లబడిపోతుంది. ఎండకు కాగిన నీరు తేలికై పైనే ఉండిపోతుంది, అడుగున చలికాలపు చల్లదనం అలాగే నిలిచిపోతుంది. ఈ రెండింటి సరిహద్దును డైవర్లు థర్మోక్లైన్ అంటారు. అది దాటగానే ముఖానికీ మణికట్లకూ తెలుస్తుంది. ఒక్కోసారి రెండు నీళ్లూ కలిసేచోట మసకగా అల్లాడుతూ కంటికి కూడా కనబడుతుంది.

డాలస్‌కు ఉత్తరాన తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడిన ఊళ్లలో ఫ్రిస్కో ముందువరసలో ఉంది. కార్యసిద్ధి హనుమాన్ గుడి ఉన్న ఈ ఊరినుంచి సెలవులకు కొజుమెల్, కాంకూన్, హవాయి వెళ్లొచ్చేవారు చాలామంది. అక్కడి రిసార్టులో ఒక్క పరిచయ డైవ్ చేస్తే చాలు, పిల్లలకు రుచి తగులుతుంది. ఇంటికి రాగానే డైవింగ్ సర్టిఫికేషన్ కావాలంటారు. ప్యాడీ వంటి డైవింగ్ శిక్షణ సంస్థలు పదేళ్లు నిండినవారిని జూనియర్ కోర్సులో చేర్చుకుంటాయి. పది, పదకొండేళ్లవారికి 40 అడుగుల లోతు హద్దు, పెద్దలకు 60. ఈతకొలనులో పాఠాలు అయ్యాక బయటి నీటిలో నాలుగు డైవ్‌లు చేయాలి. ఇక్కడివారికి ఆ నాలుగూ జరిగేది టెరెల్, ఏథెన్స్ స్కూబా పార్కుల్లోనో, ఆస్టిన్ దగ్గర లేక్ ట్రావిస్‌లోనో.

చాలామంది ఇక్కడే వెనకడుగు వేస్తారు. కొలను పాఠాలు ఇక్కడ ముగించుకుని, మిగతా డైవ్‌లు మెక్సికో వెచ్చటి నీళ్లలో పూర్తిచేసుకునే వీలుంది. అందులో తప్పేమీ లేదు. కానీ చన్నీటిలో, నాలుగు బారల అవతల ఏమీ కనిపించని చెరువులో నేర్చుకున్నవారికి వచ్చే స్థిమితం వేరు. చన్నీళ్లు తమకు పడవనేవారిని కదిపి చూస్తే, తొలిసారి వదులు సూటుతో దిగిన సంగతి బయటపడుతుంది. కొత్త డైవరుకు మాస్కు, ఫిన్నుల కంటే ముందు కుదరాల్సింది సూటు.

నీరు ఒంటి వేడిని గాలికంటే పాతిక రెట్ల వేగంతో లాగేస్తుంది. 80 డిగ్రీల ఫారన్‌హీట్ నీరు మొదట సుఖంగానే ఉంటుంది, సూటు లేకుండా ఎక్కువసేపు ఉంటే వణుకు పుట్టిస్తుంది. అంతకంటే చల్లటి నీటిలో మొదటి నిమిషమే గడ్డుది. కార్తీకంలో తెల్లవారుజామున గోదావరిలో తొలి మునక వేసినప్పుడు ఊపిరి ఒక్కసారి ఎగబీల్చినట్టవుతుందే, శరీరం ఇక్కడా అదే చేస్తుంది. గట్టున మెట్టు మీద నిలబడినవారికి అది క్షణంలో సర్దుకుంటుంది. లోతైన చోట తల మునిగి ఉండగా అదే ఎగశ్వాస వస్తే నీరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అమెరికా సరస్సుల్లో ఈతకు దిగి ప్రాణాలు పోగొట్టుకున్న తెలుగు విద్యార్థుల వార్తలు పదేపదే చదువుతున్నాం. వాటిని చదివి బాధపడే ప్రతి ఇంట్లోనూ చన్నీటి స్వభావం గురించి పిల్లలకు చెప్పాలి. స్కూబా డైవరు నోట గాలి అందించే రెగ్యులేటర్ ఉంటుంది కాబట్టి నీరు మింగడు. కానీ శ్వాస ఎగసిపడి సిలిండర్‌లో గాలి తొందరగా అయిపోతుంది. వేళ్లు మొద్దుబారి, తేలడాన్ని అదుపుచేసే గాలి జాకెట్టు బీసీడీ బటన్, బరువుల బకిల్ చేతికి చిక్కవు.

వెట్‌సూటు పుట్టింది 1950ల మొదట్లో, కాలిఫోర్నియాలో. బర్క్‌లీ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్, రెండో ప్రపంచయుద్ధ కాలంలో మన్‌హట్టన్ ప్రాజెక్టులో పనిచేసినవాడు, అమెరికా నౌకాదళపు ఈతగాళ్లను చలినుంచి కాపాడే మార్గం వెతికాడు. అప్పటిదాకా నీరు చొరని రబ్బరు తొడుగు వేసి, లోపల ఉన్నిబట్టలు కట్టేవారు. ఎక్కడో చిన్న చిరుగు పడితే అంతా వృథా. ఒళ్లు తడిసినా ఫర్వాలేదు, వేడిని ఆపేది సూటు పదార్థంలో చిక్కుకున్న వాయువేనని బ్రాడ్నర్ గ్రహించాడు. నురుగులా ఉబ్బించిన నియోప్రీన్ రబ్బరులో లెక్కలేనన్ని నైట్రోజన్ బుడగలుంటాయి. ఒంటికీ రబ్బరుకూ మధ్య చేరే పలుచని నీటిపొర కదలకుండా ఉంటే అది ఒంటివేడికే వెచ్చబడుతుంది. సూటు పనంతా ఆ పొరను కదలనివ్వకపోవడంలోనే ఉంది. బ్రాడ్నర్ దీనికి పేటెంటు తీసుకోలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో జాక్ ఓనీల్, రెడాండో బీచ్‌లో మైస్ట్రెల్ సోదరులు దాన్ని అంగడిలోకి తెచ్చారు.

ఈ రబ్బరు మనిషి దేహాన్ని ఎంత మార్చిందో తెలియాలంటే కొరియాలోని జేజు దీవికి వెళ్లాలి. హెన్యో అనే మహిళా గజఈతగత్తెలు సిలిండర్ లేకుండా ఊపిరి బిగబట్టి సముద్రపు అడుగున నత్తలు, శంఖాలు ఏరుకొస్తారు. 2016లో యునెస్కో వారి సంస్కృతిని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఒకప్పుడు వాళ్లు నూలుబట్టలతోనే శీతాకాలపు సముద్రంలోకి దిగేవారు. గట్టెక్కగానే బుల్తోక్ అనే రాతిగోడల చాటున మంట వేసుకుని ఒళ్లు కాచుకునేవారు. 1960లలో సుక్ కీ హాంగ్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త వారిని పరీక్షించి, చలికాలంలో వారి దేహం మామూలుకంటే ఎక్కువ వేడి పుట్టిస్తోందని నిరూపించాడు. 1970లలో వెట్‌సూట్లు వచ్చాయి. నీటిలో ఉండగలిగే సమయం గంటలకు పెరిగింది. కొన్నేళ్లలోనే, తరాలుగా కనబడిన ఆ చలి ఓర్పు వారి దేహాలనుంచి మాయమైంది. ఓర్పు అలవాటుతో వచ్చి, అలవాటు పోగానే పోయింది. ఏడాదికి రెండుసార్లు నీటిలోకి దిగే ఫ్రిస్కో ఉద్యోగికి ఆ ఓర్పు వచ్చే అవకాశమే లేదు. "నేను చలికి తట్టుకోగలను" అన్న ధీమాతో పలుచని సూటు అద్దెకు తీసుకోవడం మంచిది కాదు.

సూటు తొడుక్కోవడం ఒక విద్య. ముందు పాదానికి పలుచని ప్లాస్టిక్ సంచి తగిలిస్తే కాలు జర్రున జారుతుంది. చీలమండ పూర్తిగా దాటాకే మోకాలికి, మోకాలు సర్దాకే తొడకు, అంచెలంచెలుగా పైకి లాగాలి. గోళ్లతో లాగితే నియోప్రీన్ చీలుతుంది, వేళ్ల కొసల మెత్తటి భాగంతోనే పట్టుకోవాలి. గజ్జల దగ్గర ఖాళీ మిగిలితే పైన భుజాలు ఎంత లాగినా కుదరవు. ఆ ఖాళీలోకి ప్రతి కాలుతాపుకూ చన్నీరు వచ్చిపోతుంటుంది. నడుము వెనక గుంట, చంకలు, మెడ, మణికట్లు కూడా చూసుకోవాలి. గొంతుక్కూర్చుని లేచినప్పుడు వీపు మీద రబ్బరు ఉబ్బి గాలి చప్పుడు చేస్తే ఆ సూటు పెద్దదైనట్టే. మందం కంటే కొలత ముఖ్యం. ఒంటికి అతుక్కున్న ఐదు మిల్లీమీటర్ల సూటు, వదులుగా ఉన్న ఏడు మిల్లీమీటర్ల సూటు కంటే వెచ్చగా ఉంటుంది. హుడ్‌ను మాత్రం ఎవరూ తీసిపారేయకూడదు. చల్లటి నీరు తలకూ చెవులకూ తగిలితే మిగతా ఒళ్లు ఎంత వెచ్చగా ఉన్నా సుఖముండదు.

మందపు సూటు మనిషిని తేల్చేస్తుంది, అందుకు సీసం కట్టుకోవాలి. ఎంత కట్టాలన్నది కొత్తవారిని ఎక్కువ తికమకపెట్టే విషయం. బీసీడీ ఖాళీ చేసి, మామూలు శ్వాస తీసి బిగబడితే నీటిమట్టం కళ్ల దగ్గర ఆగాలి. గాలి వదలగానే మునగాలి. 80 ఘనపుటడుగుల సిలిండర్‌లో గాలి బరువే సుమారు ఆరు పౌండ్లు. డైవ్ చివరికి అందులో ఎక్కువభాగం అయిపోతుంది కాబట్టి ఆ తేలికదనాన్ని ముందే లెక్కేసుకోవాలి. చెరువులో సరిపోయిన బరువు సముద్రంలో చాలదు, ఉప్పునీరు ఇంకా తేల్చేస్తుంది. ఇంకొక చిక్కు ఉంది. 33 అడుగుల లోతులో పీడనం రెట్టింపై బుడగలు సగానికి నలుగుతాయి. ఏడు మిల్లీమీటర్ల సూటు ఆ లోతులో అంత మందంగానూ ఉండదు, అంతగా తేల్చదు. కొత్త డైవరు చలి పెరిగే చోటే వేగంగా కిందికి పోవడం మొదలుపెడతాడు. బీసీడీలోకి కొద్దికొద్దిగా గాలి ఎక్కిస్తూ దిగడం అందుకే నేర్పిస్తారు.

నీరు చొరని డ్రైసూటు సంగతి వేరు. మెడకూ మణికట్లకూ బిగుతు పట్టీలుంటాయి, లోపల ఉన్ని దుస్తులు, సిలిండర్ గాలితో నింపుకునే వాల్వు. గాలి కాళ్లలోకి చేరితే మనిషి తలకిందులవుతాడు, మోకాళ్లు ముడిచి దొర్లి సరిచేసుకోవాలి. దానికి ప్రత్యేక కోర్సు చేయాలి, మొదటి ఏడాదే అవసరం రాదు.

సూటు కుదిరాక దూరం వెళ్లాలనిపిస్తే టెక్సస్ డైవర్ల పాత గమ్యం ఒకటుంది. సుమారు 500 మైళ్లు, అమరిల్లో మీదుగా న్యూమెక్సికోలోని శాంటారోసా. అక్కడి బ్లూహోల్ 81 అడుగుల లోతున్న సహజ నీటిబావి. నిమిషానికి సుమారు 3,000 గ్యాలన్ల ఊటతో ఏడాది పొడవునా 61, 62 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గరే ఉంటుంది. నీరు స్వచ్ఛం, అడుగు కనబడుతుంది. 1976లో దాని అడుగునున్న గుహలోకి వెళ్లి ఇద్దరు డైవర్లు మరణించాక ఆ ద్వారానికి ఇనుప జాలీ బిగించారు. ఊరు సముద్రమట్టానికి 4,600 అడుగుల ఎత్తున ఉంది కాబట్టి డైవ్ లెక్కలు ఎత్తుకు తగ్గట్టు సవరించుకోవాలి. డైవ్ అయిన వెంటనే ఎత్తుకు ఎక్కడం ప్రమాదం, ఆల్బుకర్కీ వైపు వెళ్తే దారి ఇంకా ఎత్తెక్కుతుంది. ఫ్రిస్కో దారి మొత్తమ్మీద దిగుడే.

చలికీ, ఒంట్లో కరిగిన నైట్రోజన్ బుడగలు కట్టడంవల్ల వచ్చే డీకంప్రెషన్ జబ్బుకూ సంబంధముందని అమెరికా నౌకాదళ ప్రయోగాత్మక డైవింగ్ విభాగం 2007లో వెలువరించిన అధ్యయనం చూపింది. అడుగున వెచ్చగా ఉండి, పైకి వచ్చేటప్పుడు చలిలో ఉన్నవారికి ముప్పు ఎక్కువ. ఆ ప్రయోగాలు చేసింది దీర్ఘకాలపు డైవ్‌ల మీద, శిక్షణ పొందినవారి మీద. అయినా వదులు సూటు చేసేది సరిగ్గా ఆ పనే. దిగేటప్పుడు బాగుంటుంది, తేలే సమయానికి వణికిస్తుంది. గట్టెక్కాక గాలికి తడిసూటు ఆరుతూ ఇంకా చలి పుట్టిస్తుంది. రెండు డైవ్‌ల మధ్య తల తుడుచుకుని ఉన్ని టోపీ, గాలి ఆపే కోటు వేసుకోవాలి, ఫ్లాస్కులో వేడి రసమో అల్లం టీనో తాగాలి.

ఈ శ్రమంతా ఎందుకంటే, చల్లటి సముద్రాల్లో జీవం కిక్కిరిసి ఉంటుంది. కాలిఫోర్నియా మాంటెరే తీరాన అడుగునుంచి ఎగదన్నే పోషకాల నీరు వసంతంలోనూ 50 డిగ్రీల దగ్గర ఉంటుంది. రోజుకు అడుగు పైగా పెరిగే కెల్ప్ అడవులు, వాటిమధ్య సీల్ పిల్లలు, రాళ్లలో రంగురంగుల సముద్రపు నక్షత్రాలు. ఆ నీటిలో హాయిగా నలభై నిమిషాలు ఉండగలిగినవారికి ఆ అడవి చూడటం జీవితానికి సరిపడే ఆనందం.

పిల్లలను కోర్సులో చేర్చే తల్లిదండ్రులకు ఒక మాట. డైవ్ షాపులో రెండు మూడు కొలతల సూట్లు వేయించి చూడండి, నీటి ఉష్ణోగ్రత ఎంతో అడగండి, హుడ్, గ్లవ్స్ అద్దెలో కలిపి తీసుకోండి. తొలి డైవ్‌కు ముందు పిల్లలకు రెండు సైగలు బాగా నేర్పండి. చేతులు గుండెమీద దాటించి భుజాలు రుద్దుకుంటే చలేస్తోందని అర్థం. బొటనవేలు పైకి చూపితే పైకి పోదామని అర్థం. మన పిల్లలు పెద్దల ముందు "ఏం పర్లేదు" అనేస్తారు, నీటిలో ఆ మొహమాటం వద్దని ముందే చెప్పండి. బొటనవేలు ఎవరు చూపినా ఆ డైవ్ అక్కడితో ముగుస్తుంది, కారణం ఎవరూ అడగరు.