శకుని పాచికలు ఎవరి ఎముకలు?

శకునికి కౌరవుల మీద పగ ఎందుకు? తెలుగు ఇళ్ళలో ఈ ప్రశ్న వేస్తే జవాబు చటుక్కున వస్తుంది. గాంధారికి జాతకదోషం ఉందని ముందుగా ఒక మేకతో పెళ్ళి చేసి, ఆ మేకను బలిచ్చారట. ఆ లెక్కన తన తల్లి విధవ అయినట్టేనన్న మాట పడలేక దుర్యోధనుడు తాతనూ మేనమామలనూ చెరలో వేయించి, రోజుకు పిడికెడు మెతుకులు పెట్టించాడట. అందరూ తినకుండా ఒక్క శకునికే పెట్టి, పగ తీర్చమని చెప్పి ప్రాణాలు వదిలారట. తండ్రి ఎముకలతో చేసుకున్న పాచికలు కాబట్టే అవి శకుని చెప్పినట్టు పడేవట. 1966లో వచ్చిన ‘శ్రీకృష్ణ పాండవీయం’లో ధూళిపాళ శకునిగా ఈ కథను ఊరూరికీ చేర్చారు.

ఒడిశాలోని జయపురంలోనో రాయగడలోనో ఒడియా వాళ్ళ అరుగు మీద కూర్చుని అడిగినా దాదాపు ఇదే కథ వినిపిస్తుంది. మేక మాత్రం ఉండదు, దాని చోట సహడా చెట్టు ఉంటుంది. వాళ్ళ మాటకు గ్రంథాధారం కూడా ఉంది. పదిహేనో శతాబ్దంలో కపిలేంద్రదేవుడి కాలంలో సరళా దాసు దండి ఛందస్సులో రాసిన ఒడియా మహాభారతంలో ఈ చెర, ఈ ఎముకలు ఉన్నాయి. మన కథకు మాత్రం కవిత్రయంలో చోటు లేదు. వ్యాసుడిలోనూ లేదు. అయినా రెండు భాషల వాళ్ళూ దీన్ని భారతంలో భాగంగానే చెప్పుకుంటారు.

ఈ రోజుల్లో కుర్రాళ్ళు ఫ్యాన్ థియరీ అంటున్నది ఇలాంటిదే. కథలో ఎక్కడో ఒక ఖాళీ కనిపిస్తుంది. విన్నవాడు దాన్ని వదిలిపెట్టలేడు. కథలో ఉన్న సామగ్రితోనే దాన్ని పూడ్చే ప్రయత్నం చేస్తాడు. మన పెద్దలు దీన్ని శంక, సమాధానం అన్నారు. పురాణ కాలక్షేపంలో ఎవరైనా లేచి సందేహం అడగడం, చెప్పేవాడు ఆగి దానికి బదులు చెప్పి మళ్ళీ కథలోకి రావడం మామూలే. ఒడియా పల్లెల్లో భాగవత టుంగీ ఇలాంటి చోటే. సాయంత్రం జగన్నాథ దాసు భాగవతం చదవడం, దాని చుట్టూ మాట్లాడుకోవడం అక్కడ జరిగేవి. కొరాపుట్ పల్లెల్లో ముఖాలకు తొడుగులు పెట్టుకుని ఆడే దేశియా నాటలోనూ ఇవే రామాయణ భారత పాత్రలు.

రెండు భారతాలు ఒకే వీధిలో వినిపించడానికి ఈ నేల చరిత్రే కారణం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడేదాకా కొరాపుట్ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది. రాయగడ 1992లో కొరాపుట్ నుంచి విడివడి జిల్లా అయింది. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ (1869–1951) ఒడియాలోనూ తెలుగులోనూ పండితుడు, కవి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైన్సు చదువుల కోసం ఏటా లక్ష రూపాయలు ఇచ్చినవాడు. అలాంటి ఆస్థానం నీడన తిక్కననూ సరళా దాసునూ ఎదురెదురుగా పెట్టి వాదించుకోవడానికి కావలసినదంతా ఉంది.

శకుని దగ్గరికే వస్తాను. ఈ వాదం ఎలా నడవాలో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ముందు ఖాళీ ఎక్కడుందో చూడాలి. గాంధార యువరాజు తన రాజ్యం వదిలి చెల్లెలి ఇంట ఎందుకు ఉండిపోయాడు? మేనల్లుడికి మేలు చేస్తున్నానంటూ అతణ్ణి నాశనం వైపే ఎందుకు నడిపించాడు? పాచికలు ప్రతిసారీ అతని వైపే ఎలా పడ్డాయి? ఎముకల కథ ఈ మూడింటికీ ఒక్క దెబ్బతో జవాబిస్తుంది. అదే దాని బలం. విడివిడిగా కనిపించే మూడు విషయాలను ఒకే కారణానికి కట్టిన ఊహ విన్నవాళ్ళకు వెంటనే నచ్చుతుంది.

ఇక ఎదురు సాక్ష్యం. వ్యాసభారతంలో ద్రౌపది స్వయంవరానికి శకుని ఒక్కడే రాలేదు, గాంధార రాజు కొడుకులు మరికొందరు కలిసి వచ్చారు. ధర్మరాజు రాజసూయానికి సుబలుడే స్వయంగా వచ్చాడు. యుద్ధంలో శకుని తమ్ముళ్ళు వృషకుడు, అచలుడు అర్జునుడి చేతిలో పడిపోయారు. చెరలో మాడి చచ్చినవాళ్ళు కురుక్షేత్రంలో ఎలా పోరాడారు? పైగా శకుని కొడుకు ఉలూకుడు కూడా కౌరవుల వైపే ఉన్నాడు. పద్దెనిమిదో రోజున తండ్రి కళ్ళెదుటే సహదేవుడు అతణ్ణి చంపాడు. అప్పుడు శకుని కన్నీళ్ళతో విదురుడు చెప్పిన మాటలు తలుచుకున్నాడని వ్యాసుడు రాశాడు. కౌరవ నాశనమే కోరినవాడైతే సొంత కొడుకును ఆ మంటలోకి ఎందుకు తెచ్చాడు? విదురుడి మాట వినలేదన్న బాధ ఎందుకు? వ్యాసుడి శకుని మేనల్లుడి మీద గుడ్డి ప్రేమతో తప్పుదారి పట్టినవాడు. సరళా దాసు శకుని ఇంకో మనిషి. ఇద్దరినీ ఒకే మనిషిగా చూపించబోతేనే కథ చెడుతుంది. ఎవరి భారతంలో ఎవరి శకుని అని అడిగితే రెండూ నిలబడతాయి. నా మటుకు నాకు ఉలూకుడి శవం ముందు ఏడ్చిన శకునే ఎక్కువ భయపెడతాడు. పగ తెలిసి చేయించే నాశనానికి ఒక హద్దుంటుంది, ప్రేమ తెలియక చేయించే నాశనానికి ఉండదు.

మాయల సంగతి కూడా ఇలాగే చూడాలి. భారతంలో అస్త్రాలు ఊరికే మెరిసే నిప్పులు కావు. ప్రతిదానికీ నియమం ఉంది, వెల ఉంది. బ్రహ్మాస్త్రాన్ని వదలడం ఒక విద్య, వెనక్కి తీసుకోవడం మరో విద్య. అర్జునుడికి రెండూ వచ్చు. అశ్వత్థామకు రెండోది రాదు, అందుకే అతను వదిలిన అస్త్రం ఉత్తర గర్భం మీద పడింది. నారాయణాస్త్రం ఆయుధం పట్టినవాణ్ణే వెతుక్కుని వస్తుంది, కింద పడేసినవాణ్ణి వదిలేస్తుంది. భీముడు పడెయ్యనంటే కృష్ణార్జునులు బలవంతంగా రథం మీంచి లాగి దింపవలసి వచ్చింది. ఇంద్రుడు కర్ణుడికిచ్చిన శక్తి ఒక్కసారికే పనికొస్తుంది, దానికి వెల సహజ కవచకుండలాలు. ఇంత కచ్చితంగా హద్దులు గీసి ఉంటే, విన్నవాడు ఆ హద్దుల్లోనే లెక్కలు వేస్తాడు. ఆ శక్తిని మొదటి రోజే అర్జునుడి మీద వేసి ఉంటే?

ఈ ప్రశ్న మనకు తట్టకముందే వ్యాసుడు ధృతరాష్ట్రుడి చేత అడిగించాడు. ఘటోత్కచుడు పడిన రాత్రి ఆ శక్తి వ్యర్థమైందని విన్నాక, గుడ్డిరాజు సంజయుణ్ణి నిలదీస్తాడు. ఇన్నాళ్ళూ దాన్ని అర్జునుడి మీద ఎందుకు వెయ్యలేదు, మీరెవరూ కర్ణుడికి గుర్తు చెయ్యలేదా అని. ప్రతి రాత్రీ రేపు వేయిద్దామని నిశ్చయించుకునేవాళ్ళమనీ, తెల్లవారేసరికి అందరి బుద్ధీ మారిపోయేదనీ సంజయుడి జవాబు. అవతల సాత్యకి కూడా కృష్ణుణ్ణి ఇదే అడిగితే, కర్ణుణ్ణి మోహంలో పడేసినవాణ్ణి నేనే అంటాడు. ఒకే శంకకు రెండు శిబిరాల్లో రెండు సమాధానాలు, రెండూ కథలోనే. కర్ణుడి చావుకు కారణాలనేకం అని మనం ఇప్పటికీ అంటామే, ఆ మాట వెనక ఇలాంటి వాదాలు ఎన్ని తరాలు సాగాయో!

సరళా దాసు ఇంకో అడుగు ముందుకేశాడు. అడవిలో తపస్సు చేస్తున్న అర్జునుడి ముందు ఒక వింత జంతువు నిలబడుతుంది. కోడి తల, నెమలి మెడ, ఎద్దు మూపురం, సింహం నడుము, పాము తోక, కాళ్ళు ఏనుగువీ పులివీ గుర్రానివీ. నాలుగోది మనిషి చెయ్యి, అందులో పువ్వు. పేరు నవగుంజరం. వ్యాసుడిలో లేని ఈ రూపం పటచిత్రాల మీదుగా ఒడిశా అంతటా పరిచయం. అర్జునుడు మొదట విల్లెత్తుతాడు. ఆ చేతిని చూసి ఆగుతాడు. ఇలాంటి జంతువు లోకంలో ఉండదు, అయినా కళ్ళ ముందుంది, మరి ఇది ఎవరి లీల అయి ఉండాలి అని ఆలోచించి కృష్ణుణ్ణి గుర్తుపట్టి విల్లు దించుతాడు. కనపడ్డ ఆనవాళ్ళను బట్టి కనపడని కర్తను పట్టుకోవడం ఇదే. పాఠకుడు చెయ్యవలసిన పనిని సరళా దాసు కథానాయకుడి చేతే చేయించాడు.

తెలుగువాళ్ళు ఈ ప్రశ్నించే మనిషికి వేదిక మీదే చోటు పెట్టారు. బుర్రకథలో కథకుడి పక్కనున్న ఇద్దరు వంతల్లో హాస్యం చెప్పేవాడి పని చాలావరకు ఇదే. జనం మనసులో మెదిలే సందేహాన్ని గట్టిగా అడిగేస్తాడు. మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన కాశీమజిలీ కథలు పన్నెండు భాగాలూ గోపుడనే కుర్రవాడి ప్రశ్నల మీదే నడుస్తాయి. దారిలో ఏ వింత కనిపించినా దాని సంగతి చెప్పాలన్న షరతు మీదే అతను మణిసిద్ధుడి వెంట కాశీకి బయలుదేరాడు.

ఆడవాళ్ళ పాటల గురించి మాత్రం ఎక్కువ చెప్పాలి. రామాయణంలో పద్నాలుగేళ్ళు ఊర్మిళ ఏమైందన్నది వాల్మీకి పెద్దగా పట్టించుకోని ఖాళీ. వంటింట్లో, పందిట్లో పాడుకున్న ఊర్మిళాదేవి నిద్ర పాట దానికి జవాబు. లక్ష్మణుడు మేలుకున్న ఆ ఏళ్ళన్నీ ఆమె నిద్రపోయింది. ‘లక్ష్మణదేవర నవ్వు’ ఇంకా గొప్ప ఊహ. పట్టాభిషేకం అయ్యాక నిండు సభలో లక్ష్మణుడు ఫక్కున నవ్వుతాడు. సుగ్రీవుడు తన అన్న విషయంలో జరిగినదానికే నవ్వాడనుకుంటాడు. విభీషణుడు తన ద్రోహానికే అనుకుంటాడు. సీత, రాముడు కూడా లోపల తమ తమ గాయాలనే తడుముకుంటారు. అసలు కారణం వేరు. పద్నాలుగేళ్ళు ఆగమని చెప్పి పంపిన నిద్రాదేవి గడువు తీరగానే సభలోకి వచ్చేసింది. ఒక నవ్వు చుట్టూ ఇన్ని ఊహలు అల్లి, ఒక్కొక్క ఊహా దాన్ని అల్లిన మనిషినే బయటపెట్టేలా చేసిన ఆ పేరు తెలియని పాటకత్తెలు పెద్ద కవులు. శకుని పగను నమ్మేవాళ్ళం కూడా మన ఇళ్ళలోని ఏ అవమానాన్ని తలుచుకుని నమ్ముతున్నామో ఆలోచించాలి.

మన కాలంలో ఇంత ఊపు చూసింది కట్టప్ప దగ్గర. 2015 జులై 10న మొదటి ‘బాహుబలి’ విడుదలైన దగ్గర్నుంచి దేశమంతా ఒకే ప్రశ్న, కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడని. బడిపిల్లల దగ్గర కూడా తలా ఒక జవాబుండేది. 2017 ఏప్రిల్ 28న రెండో భాగం వచ్చింది, ఆ ఊహలన్నీ ఆ రోజుతో సరి. జాన్ స్నో తల్లిదండ్రులెవరన్నది 1996లో జార్జ్ మార్టిన్ నవల వెలువడిన తర్వాత పాఠకులు పట్టిన రహస్యం. 2016లో టీవీ సీరియల్ దాన్ని ఖాయం చేసేసరికి అక్కడా వాదం చల్లబడింది. రచయిత చెప్పే చివరి జవాబు కోసం ఎదురుచూసే ఊహకు ఆయుష్షు తక్కువ. భారతానికి రెండో భాగం విడుదల తేదీ లేదు. సరళా దాసు జవాబిచ్చాక కూడా జయపురంలో వాదం మిగిలే ఉంది.

ఈ కొండల్లో ఊహకు నేల కూడా సాక్ష్యం చెబుతుంది. కొలాబ్ ఒడ్డున రామగిరి అడవిలో గుప్తేశ్వర గుహ ఉంది. వనవాసంలో రాముడు అక్కడి లింగాన్ని పూజించాడని స్థలకథ. ఆ కొలాబే దిగువన శబరి అయి గోదావరిలో కలుస్తుంది. దండకారణ్యం ఇదే అనడానికి ఊళ్ళ పేర్లూ ఏరుల పేర్లూ వరసగా చూపిస్తారు. ఇది చరిత్రకు రుజువు కాదని తెలిసినా, రామాయణాన్ని తన గడప దాకా తెచ్చుకోవాలనే ఆ ఆరాటం నాకు ఇష్టం.

అయితే ఇదే పద్ధతి ఒక్కోసారి వేరేవాళ్ళ మీద బరువై కూర్చుంటుంది. ఒకప్పటి కొరాపుట్ జిల్లాలోని బోండా కొండల ఆడవాళ్ళ నున్నటి తలలకూ తక్కువ బట్టలకూ కారణంగా ఒక కథ చెబుతారు. కొలనులో స్నానం చేస్తున్న సీతను చూసి నవ్వితే ఆమె శపించిందట. ఆ ఆడవాళ్ళ మెడనిండా ఉండే పూసలనూ, వాళ్ళు మగ్గం మీద నేసుకునే బట్టనూ ఆ కథ పట్టించుకోదు. శకుని గురించి తప్పుగా ఊహిస్తే శకునికి పోయేదేమీ లేదు. బతికున్న మనుషుల మీద శాపం అంటగట్టే ఊహకు అంత చనువు ఇవ్వకూడదు. వాళ్ళ కథ వాళ్ళ నోటే వినాలి.

అలా విన్న సందర్భం ఒకటి రాయగడలోనే ఉంది. నియమగిరి మీద డొంగ్రియా కొంధులు నియమరాజును కొలుస్తారు. కొండకూ చెట్టుకూ ఏరుకూ నియమం పెట్టినవాడు ఆయనే అన్నది వాళ్ళ కథ. ఆ కొండ మీద బాక్సైట్ తవ్వకం వివాదంలో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, వాళ్ళ మతపరమైన, సాంస్కృతికమైన హక్కుల సంగతి గ్రామసభలే తేల్చాలని చెప్పింది. ఆ వానాకాలంలో రాయగడ జిల్లాలో ఏడు ఊళ్ళు, కలహండిలో అయిదు ఊళ్ళు కూర్చున్నాయి. జడ్జీల సమక్షంలో మనుషులు లేచి నియమరాజు ఎవరో, ఆ కొండ తమకు ఏమిటో తమ కువి భాషలో చెప్పారు. పన్నెండు సభల్లో ఒక్కటి కూడా తవ్వకానికి ఒప్పుకోలేదు.